బేసి వారం అమ్మాయి

కారు అద్దం మీద ఎవరో టకటకా కొట్టారు.

దించి చూశాను. ఎర్ర ఉన్ని టోపీ, దాని కింద మంచు పట్టిన కనుబొమలు, వాటి కింద బోలెడు కోపం.

"ఏవండీ, కాన్వాయ్‌లో నా వెనకాల వచ్చేది మీరేనా?"

"అవునండీ. ఏం?"

"నాలుగు లైట్లూ వెలిగించుకోండి. నా బండి కనబడేంత దగ్గర్లో రండి. అలాగని నా డిక్కీలోకి వచ్చెయ్యకండి. పార ఉందా?"

"పదేళ్లుగా ఈ కొండ దాటుతున్నానండీ."

"అందుకే అడుగుతున్నా. కొత్తవాళ్లు అన్నీ సర్దుకుంటారు. పార మరిచిపోయేది మీలాంటి అనుభవజ్ఞులే."

"ఉంది, ఉంది" అన్నాను.

లేదు. బెర్గెన్‌లో మా ఇంటి మెట్ల మీద ఉంది. కానీ ఆ కళ్లు చూశాక నిజం చెప్పే ధైర్యం ఎవరికి?

హౌకెలి కొండ మీద మంచు తుఫాను రేగితే దారికి గేటు వేసేస్తారు. మంచు తోసే లారీ వచ్చి, ఆగిన బండ్లన్నిటినీ కోడి వెనక పిల్లల్లా వరసగా అవతలికి దాటిస్తుంది. ఆ గంటసేపూ నాకు రోడ్డు లేదు, కొండ లేదు, ఆకాశం లేదు. ముందున్న రెండు ఎర్ర లైట్లే లోకం. ఆ లైట్ల మనిషిని తిట్టుకుంటూనే, అవి మసకబారితే మాత్రం గుండె గుభేలుమనేది.

అవతల దిగాక బండ్లన్నీ ఎటువాళ్లు అటు పోయాయి. ఎర్ర లైట్లు మాత్రం ఎడమకి, అడవి దారిలోకి తిరిగాయి. నేనూ తిరిగాను.

ఆ కారు ఆగింది. టోపీ దిగింది.

"కాన్వాయ్ అయిపోయిందండీ! ఇంక నన్ను ఫాలో అవ్వక్కర్లేదు!"

"మిమ్మల్ని ఎవరు ఫాలో అవుతున్నారు? నేను మా క్యాబిన్‌కి పోతున్నా."

"ఈ దారిలో ఉన్నది ఒకే ఒక్క క్యాబిన్. అది మాది."

"మాదీనూ!"

ఇద్దరం నోళ్లు తెరిచి నిలబడ్డాం. మంచు వచ్చి నోట్లో పడింది.

"మీరు... సరి వారాల వాళ్లా?" అంది నెమ్మదిగా.

"మీరు బేసి వారాల వాళ్లా?"

మా దేశంలో తేదీ అడిగితే ఎవరైనా తడుముకుంటారు గానీ, ఏడాదిలో ఎన్నో వారమో అడిగితే నిద్రలో లేపినా చెబుతారు. మా తాతయ్య హల్వార్, వాళ్ల బామ్మ గుద్రున్ ఒకప్పుడు ఇరుగుపొరుగు. రెండు కుటుంబాలూ కలిసి సెలవులు గడపడానికి ఈ క్యాబిన్ కట్టుకున్నాయి. కట్టడం అయింది, రంగు దగ్గర చెడింది. తాతయ్య ఎరుపన్నాడు, ఆవిడ గోధుమరంగంది. ఇప్పటికీ క్యాబిన్ ముందువైపు ఎరుపు, వెనకవైపు గోధుమరంగు. ఆనాడే వారాలు పంచుకున్నారు. బేసి వారాలు వాళ్లవి, సరి వారాలు మావి. నలభై ఏళ్లుగా ఒకళ్ల మొహం ఒకళ్లు చూడకుండా బతికేశాం.

"ఇది ఒకటో వారం. ఒకటి బేసి. అంటే మాది" అంది ఆ అమ్మాయి, చంటిపిల్లాడికి చెప్పినట్టు.

"పోయిన వారం యాభై మూడు. అదీ బేసే. వరసగా రెండు మీరే మింగేస్తారా? వంతంటే వంతే!" నేను ఫెర్రీలో పనిచేస్తాను. ఒక వారం నీళ్ల మీద, ఒక వారం సెలవు. నాకు తెలిసిన లెక్క అదొక్కటే.

"పోయిన ఏడాదికి యాభై మూడు వారాలు రావడం నా తప్పా? క్యాలెండర్‌తో పోట్లాడండి. పోయిన వారం వచ్చింది మా బాబాయి వాళ్లు. నేను క్రిస్మస్ అంతా ఆసుపత్రిలో నర్సు డ్యూటీ చేసి, ఈ వారం కోసం రోజులు లెక్కపెట్టుకున్నా!"

"నేనూ లెక్కపెట్టుకున్నా!"

"సరే, ముందు లోపలికైతే పోదాం. తలుపు గొళ్లెం దాకా మంచుంది. పార తియ్యండి."

నేను నా బూట్ల వంక చూసుకున్నాను.

"మరిచిపోయారు కదూ?"

తన పార తీసి నా చేతిలో పెట్టింది. ఆ నవ్వు చూశాక అరగంట మారుమాట లేకుండా తవ్వాను.

తవ్వుతుండగా వాళ్ల బామ్మకు ఫోన్ చేసింది, స్పీకర్ పెట్టి మరీ.

"బామ్మా, సరి వారాల వాళ్లబ్బాయి వచ్చి కూర్చున్నాడే."

"ఎవరి వారం?"

"మనదే."

"అయితే గెంటెయ్."

"దారి మూసేశారు బామ్మా. తుఫాను."

"అయితే కట్టెలు కొట్టించు. తుఫాను తగ్గాక గెంటెయ్."

అమ్మాయి పేరు ఇంగ్విల్ అట. నా పేరు ఆస్లాక్ అని చెబితే, "ఎరుపు వైపు పడుకోండి, ఆస్లాక్ గారూ" అంది.

ఇనప పొయ్యి అంటుకుంది. బకెట్టులో మంచు కరిగి నీళ్లయింది. తడిసిన మేజోళ్లు నాలుగు తీగ మీద పక్కపక్కనే వేలాడాయి. ఇంగ్విల్ వాఫిల్ అట్లకి పిండి కలుపుతుంటే నా చూపు కిటికీ పక్క అలమరలోకి పోయింది. అక్కడుంది, క్యాబిన్ పుస్తకం.

అసలు నేను కొండ దాటి వచ్చింది దాని కోసం.

ప్రతి క్యాబిన్‌లోనూ అలాంటి పుస్తకం ఒకటి ఉంటుంది. వచ్చినవాళ్లు వాతావరణం, తిన్నది, తిరిగింది రాసి పోతారు. మూడేళ్ల కిందట నేను కోపంలో రాశాను: "వారం 6. పంచదార డబ్బాని ఉప్పు పక్కన పెట్టిందెవరు? నా చేప తియ్యగా ఉంది. ఇట్లు, సరి." తరవాత వచ్చి చూస్తే కింద జవాబు: "వారం 7. డబ్బా మీద పేరు రాసి ఉంది. చదువురాని వంటవాళ్లకు మేం బాధ్యులం కాము. ఇట్లు, బేసి." అంతే, మొదలైంది. ఒక్కో జవాబుకీ రెండేసి వారాలు ఎదురుచూసేవాణ్ణి. ఆ రాతలో ప్రతి వాక్యం మీదా సిరా అలికినట్టు ఉండేది. ఆ మరకలు కూడా నాకు ముద్దే.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ఆ రాతను ప్రేమించాను. ఎవరో కనుక్కోవడం అర నిమిషం పని. పెళ్లయిన ఇల్లాలో ఇంకెవరో అని తేలితే? ఆ భయానికే కనుక్కోలేదు.

ఇప్పుడు మా అమ్మ మా సగం అమ్మేస్తానంటోంది. శనివారంలోగా నేను సరేనంటే చాలు. అమ్మితే నాకు పుస్తకం లేదు, బేసి లేదు. అందుకే ఆఖరిసారి వచ్చి, పేరు అడుగుతూ ఒక్క వాక్యం రాసి పోదామనుకున్నాను.

వాఫిల్ మీద చీజ్ పెట్టుకుంటూ, ఏమీ ఎరగనట్టు అడిగాను. "ఆ పుస్తకంలో... మీ ఇంట్లో ఎవరండీ రాసేది?"

ఇంగ్విల్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"మా బామ్మ."

"బామ్మా?"

"ఎనభై ఒకటి. చెయ్యి ఇంకా చురుకే. ఏం, పొలమారిందా? నీళ్లు తాగండి."

నీళ్లు తాగాను. మూడేళ్ల ప్రేమ గొంతులోంచి దిగడానికి రెండు గ్లాసులు పట్టింది.

"మొహం అలా పాలిపోయిందేంటండీ? బామ్మకి ఏదైనా చెప్పాలా?"

"చెప్పండి. ఓ పిచ్చివాడు మూడేళ్లుగా ఆవిణ్ణి ప్రేమిస్తున్నాడని చెప్పండి."

ఇంగ్విల్ పొయ్యి వైపు తిరిగింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పరువు ఎలాగూ పోయింది కదాని మొత్తం చెప్పేశాను. ఫెర్రీ మీద జవాబులు ఆలోచించడం, ఒక జోకు కోసం నాలుగు రాత్రులు నిద్ర మానడం, అమ్మ, అమ్మకం, శనివారం.

"అంత బాగా ఏం రాసింది?" అంది, నవ్వు ఆపుకుంటూ.

"తాతయ్య చనిపోయిన నెలలో ఒకే ఒక్క ముక్క రాశాను. 'ఈ వారం తాతయ్య లేడు' అని. తరవాత వచ్చేసరికి వెటకారం ఉంటుందని భయపడ్డా. 'కట్టెలు రెండు బుట్టలు కొట్టి పెట్టాను. మీరు ఊరికే కూర్చోండి' అని ఉంది. కూర్చున్నానండీ. మూడు రోజులు ఊరికే కూర్చుని ఏడ్చా. ఆ కట్టెలు లేకపోతే ఏమైపోయేవాణ్ణో."

భుజాలు ఎగరడం ఆగిపోయింది. ఇటు తిరగలేదు. "వాఫిల్ మాడిపోతోంది" అంది. పెనం మీద వాఫిల్ లేదు.

తెల్లారేసరికి తుఫాను జాడే లేదు. ఎండ మంచు మీద పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతున్నాయి. ఇంగ్విల్ నాకంటే ముందే లేచింది. బల్ల దగ్గర కాఫీ పోస్తోంది, ఎడమ చేత్తో.

"మీది ఎడమ చెయ్యి వాటమా?"

"ఆఁ. పుట్టుక నుంచీ. ఏం?"

కప్పు అందుకున్నాను. అరచేతి పక్కన, చిటికెన వేలు కింద, పొడుగ్గా నీలం మరక. ఎడమ చేత్తో రాసేవాళ్లకి చెయ్యి రాసిన దాని మీదుగానే పోతుంది. సిరా అలికిపోతుంది. ప్రతి వాక్యం మీదా.

"బామ్మది ఏ చెయ్యి వాటం?" అన్నాను.

"కుడి" అంది ఇంగ్విల్, కాఫీలోకి చూస్తూ. మొహం టోపీ కంటే ఎర్రగా ఉంది.

పుస్తకం బల్ల మీదే తెరిచి ఉంది.

"వారం 1. గాలి తగ్గింది. మైనస్ పద్నాలుగు. సరి గారు గుర్రు పెడతారు, ఎరుపు వైపు గోడలు సాక్ష్యం. మా బామ్మ ఈ పుస్తకంలో ఎన్నడూ ఒక్క అక్షరం రాయలేదు. ఆ రెండు బుట్టల కట్టెలు కొట్టినప్పుడు నా చేతులు బొబ్బలెక్కాయి, అయినా మూడోది కొట్టనందుకు ఏడాదిగా బాధపడుతున్నాను. ఆయనెవరో నేనూ కనుక్కోలేదు. పెళ్లాంబిడ్డలున్న ముసలాయనేమోనని భయం. ఇట్లు, బేసి."

చదివాను. మళ్లీ చదివాను. మూడోసారి చదవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నన్ను నిన్నంతా ఆడించావా?"

"నువ్వు మా బామ్మని ప్రేమిస్తున్నానంటే ఎలా ఆపనోయ్? అంత బాగా చెబుతుంటే!"

మీరు కాస్తా నువ్వు ఎప్పుడయిందో ఇద్దరం గమనించలేదు.

తన కలం నా చేతికిచ్చింది. "ఇక్కడే రాయి. జవాబు కోసం ఇంకో రెండు వారాలు నేను ఆగలేను."

"ఒక్క నిమిషం." ముందు అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, మన సగం అమ్మడం లేదు."

"ఏరా, ఏమైంది?"

"ఏడాదికి యాభై మూడు వారాలు వచ్చాయమ్మా."

"తాగావా?"

"కాఫీ."

ఈలోగా ఇంగ్విల్ ఫోన్ మోగింది. బామ్మ. "గెంటేశావా?"

"లేదు బామ్మా."

"కట్టెలు కొట్టాడా?"

"ఇంకా లేదు."

"మరి ఏం చేస్తున్నాడు?"

"ఏదో రాస్తున్నాడు. కొట్టేసి మళ్లీ రాస్తున్నాడు."

అవతల గుద్రున్ బామ్మ గట్టిగా నిట్టూర్చింది. "హల్వార్ మనవడేగా, అంతే. మర్యాదస్తుడే లే, రంగులే తెలియవు వాళ్లకి. ఎండాకాలం రమ్మను. ముందువైపు గోధుమరంగు వేస్తే ఆలోచిస్తా."

"ఎరుపు!" అని అరిచాను, రాస్తూనే.

"అదిగో, మొదలెట్టాడు" అంది బామ్మ. ఆ గొంతులో నవ్వు నాకు స్పష్టంగా వినబడింది.

నేను రాసింది రెండు ముక్కలే. "యాభై మూడు బేసి, ఒకటి బేసి. బేసి, బేసి కలిస్తే సరి. ఒప్పుకుంటావా?"

ఇంగ్విల్ చదివింది. కలం లాక్కుని, కింద ఒకే మాట రాసింది. రాస్తూనే చెయ్యి దాని మీదుగా పోనిచ్చింది, సిరా అలికిపోయింది. ఆ తడి చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది.

నా అరచేతిలో అక్షరాలు తిరగబడి, నీలంగా, సగం సగం పడ్డాయి. అయినా చదవగలిగాను.

"సరే."