అబూ నాసర్ మేడమీది గురక

కువైట్‌లో రుమైథియా పేటలో ఆ సందు చివరి ఇంటి ముందు నుంచి పొద్దుగూకాక ఎవరూ నడిచేవాళ్ళు కాదు. తప్పనిసరైతే అవతలి గోడ పట్టుకుని, తల దించుకుని, ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుంటూ పోయేవాళ్ళు. దేశాన్ని ఆక్రమించి, పగలంతా ఊరు తన అబ్బ సొమ్మన్నట్టు తుపాకీతో తిరిగే ఇరాక్ సైనికుడు కూడా అంతే.

ఇల్లు ఖాళీ. వీధి తలుపుకి తాళం. అయినా చీకటి పడితే మేడమీద ఎవరో గురక పెట్టేవారు... ఆగి ఆగి, ఈల కలిసిన ముసలి గురక. కాసేపటికి అది ఆగేది. ఆ తర్వాత — కేక. పీక మీద కత్తి పెడితే ఆడమనిషి వేసే కేక.

అక్టోబరులో ఇద్దరు సైనికులు ఏసీలు పీక్కుపోదామని వెనక తలుపు పగలగొట్టి లోపల దూరారట. దూరడానికి పట్టినంతసేపు పట్టలేదట బయటికి రావడానికి. ఒకడి బూటు మెట్లమీదే ఉండిపోయిందని పక్కింట్లో పనిచేసే రాయచోటి జుబేదా బీ చెప్పేది. ఆమె గోరంతను కొండంత చేయగలదు గానీ, ఆ బూటు మాత్రం నిజం.

ఇంటాయన అబూ నాసర్ సెలవులకి లండన్ వెళ్ళి, యుద్ధం వచ్చి అక్కడే చిక్కుకుపోయాడు. అక్కడే పోయాడనీ, ఆత్మకి పాస్‌పోర్టు అడిగేవాడు లేడు గనక అది తిరిగొచ్చేసిందనీ జనం తీర్మానించారు.

ఈ మాట వింటే వాసుదేవరావుకి ఒళ్ళు మండిపోయేది.

అతనిది విజయవాడ. లైబ్రేరియన్. అబూ నాసర్ మేడమీదున్న సరుకుని సర్దిపెట్టడానికే కువైట్ వచ్చాడు. సరుకంటే నగలు కాదు — పిట్టలు. తీరంలో, ఎడారిలో తరతరాలుగా ఎవరెవరో చూసి రాసిపెట్టిన పిట్టల సంగతులు. ఓడ సరంగుల డైరీలు, పాత బొమ్మలు, దూది కూరి కాలికి చీటీ కట్టిన పిట్ట తోళ్ళు. ఏ వలసపక్షి ఏ చలికాలం దిగింది, ఏది రావడం మానేసింది — అన్నీ అందులోనే. రెండో ప్రతి ఎక్కడా లేదు. అది పోతే ఆ పిట్టలు ఇక్కడ వాలాయనడానికి సాక్ష్యమే ఉండదు.

భార్య కుముదినినీ, కూతురు నిత్యనీ ఇండియాకి పారిపోయే జనంతోపాటు బస్సెక్కించి, తను ఆగిపోయింది దానికోసమే. "చచ్చిన పిట్టల కోసం బతికున్న పెళ్ళాంపిల్లల్ని ఒంటరిగా పంపే మనిషిని మిమ్మల్నే చూశాను," అంది కుముదిని.

పక్క వీధిలో ఒకాయన పుస్తకాలన్నీ సైనికులు చాయ్ కాచుకోవడానికి తగలబెట్టారు. ఈ ఇంటి వంతు ఎప్పుడొస్తుందోనని వాసుదేవరావుకి నిద్ర పట్టేది కాదు.

మొదట్లోనే, సందులో కాపలా లేనప్పుడు, ఆ మేడమీంచి ఒక సంచెడు కాగితాలు తెచ్చి అబ్బాసియాలో తన గదిలో మంచం కింద పెట్టుకున్నాడు. చెత్త ఎత్తేవాడు లేక ఊరంతా ఎలుకల రాజ్యమైన రోజులవి. వారం తిరక్కుండా సంచిలో పొట్టు మిగిలింది. ఆ పొట్టు ముందు కూర్చుని ఏడ్చాడు.

ఇక మిగిలింది ఊరవతల సులైబియాలో తెలిసినాయన గోడౌను. దానికి బండి కావాలి. బండి ఉన్నవాడికి ధైర్యం లేదు, ధైర్యం ఉన్నవాడికి పెట్రోలు లేదు. పగలు వెళ్దామంటే సందు మొగలో సైనికుల కాపలా. చీకటి పడ్డాక వాళ్ళు భయంతో పక్క వీధికి జరిగేవాళ్ళు. కానీ చీకట్లో ఆ ఇంటికి రమ్మంటే మనవాళ్ళకి జ్వరాలొచ్చేవి.

"మాకూ జిన్న్! దెయ్యం లేదయ్యా బాబూ!" అని నాలుగు నెలలు అరబ్బీలోనూ తెలుగులోనూ అరిచాడు.

"అట్లయితే మీరే ఒక రేత్రి పండుకోని రాండి సార్," అనేవాళ్ళు.

డిసెంబరులో గురప్ప దొరికాడు. సులైబియా తోటల్లో పనిచేసే కడప మనిషి. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, సౌదీకి పారిపోతూ వదిలేసిన వానెట్టు, అదే వెనక తొట్టి ఉన్న చిన్న బండి, అతని చేతిలో ఉంది. కాళ్ళావేళ్ళా పడితే ఒప్పుకున్నాడు.

"వస్తా సార్. ఇంట్లో మాత్రం కాలుపెట్టను. మీరు తెచ్చిస్తే గేటుకాడ ఎత్తి బండ్లో ఏస్తా."

ఆ సాయంత్రం మసక చీకట్లో బండి లైట్లార్పి సందులోకి పోనిచ్చారు. వాసుదేవరావు టార్చికి గుడ్డ చుట్టి, వెనక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

సోఫాలు అలాగే ఉన్నాయి. ఫ్రిజ్ అలాగే ఉంది. మెట్లమీద బూటు ఉంది.

పైన... గురక.

'గాలి,' అనుకున్నాడు. 'పగిలిన వెంటిలేటర్లోంచి గాలి.' ఇంకో మెట్టు ఎక్కాడు. గాలి ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ వదిలింది. ఆ గురక ఒకటి కాదు — రెండు... మూడు...

పిట్టల గది తలుపు ఓరగా ఉంది. భుజంతో తోశాడు.

గురక ఆగిపోయింది.

బీరువా మీద, చీకట్లో, ఒక తెల్లటి మొహం. ఒట్టి మొహం. ఒళ్ళు లేదు. రెండు నల్లటి కళ్ళు అతన్నే చూస్తున్నాయి.

వాసుదేవరావు నోరు తెరిచాడు. ఆ మొహం బీరువా మీంచి లేచి, చిన్న చప్పుడైనా లేకుండా, సూటిగా అతని మీదికి వచ్చింది —

కేక! అది వేసిందో, తను వేశాడో! నుదుటి మీద ఏదో చీరుకుపోయింది. టార్చి దొర్లింది. భయంతోనే గేటు దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చిన గురప్ప నెత్తిమీదుగా తెల్లటిదేదో మెట్లగుండా దిగి వెనక తలుపులోంచి చీకట్లో కలిసిపోయింది. గురప్ప ఉన్నచోటే కూలబడ్డాడు.

వాసుదేవరావు టార్చి ఎత్తి బీరువా మీద వేశాడు.

మూడు పిల్లలు. తెల్లటి నూగుతో, అటూ ఇటూ ఊగుతూ, అతన్ని చూసి మళ్ళీ గురక మొదలెట్టాయి.

గుడ్లగూబలు.

పకపకా నవ్వాడు, ఆ వెంటనే తనమీద తనకే అసహ్యమేసింది. ఈ జాతి గుడ్లగూబ గురించి ఇదే గదిలో ఎన్ని కాగితాలు సర్దాడు! తోలు చూశాడు, బొమ్మ చూశాడు, గొంతు ఎలా ఉంటుందో చదివాడు. బతికున్న గూబ అరిస్తే ఒక్కసారి విన్న పాపాన పోలేదు.

"గూబే గురప్పా! పైకి రా, డ్రాయర్లు పట్టుకో."

గురప్ప మెట్లమీంచి కదల్లేదు. "గూబ దూరిన ఇల్లు ఆర్నెల్లు పాడుబెట్టాల సార్. దాంట్లోది పుల్ల గూడా బయటికి తేగూడదు. నన్ను నరికినా ముట్టను."

"ఒరే! నాలుగు నెలలుగా మీ అందరి కాళ్ళూ పట్టుకుంటున్నాను. బండి దొరికితే పెట్రోలు లేదు, పెట్రోలు దొరికితే దెయ్యం, దెయ్యం పోతే ఇప్పుడు గూబా! నా ఖర్మ గాకపోతే..."

కోపంతో కింద ఉన్నదేదో కాలితో తన్నాడు. అది చిట్లి పలపలమంది. టార్చి వేసి చూశాడు. ఎముకలు. ఎలుక పుర్రెలు, ఎలుక దవడలు, గూబలు మింగి కక్కినవి, బీరువా కింద కుప్పగా.

గబగబా డ్రాయరు లాగాడు. డైరీలు... ఒక్క అంచు కొరకలేదు. ఇంకోటి లాగాడు. పిట్టలన్నీ పడుకున్నట్టే ఉన్నాయి.

ఊళ్ళో కాగితమనేది ఉంటే ఎలుకల పాలో, సైనికుల పొయ్యి పాలో. ఈ ఒక్క గదిలో రెండూ అడుగుపెట్టలేదు. ఇక్కణ్ణుంచి కదిల్చి సులైబియా గోడౌనులో పెడితే అక్కడ కాపలా ఎవరు?

డ్రాయరు మూసేశాడు. "సరే గురప్పా. పాడుబెడదాం పద."

సందు మొగలో టార్చి వెలుగు కళ్ళలో పడింది. బండి చప్పుడు విని పక్క వీధి నుంచి వచ్చిన సైనికుడు. బుంగ మీసాలు, చలికి కప్పుకున్న దుప్పటి. ఖాళీ తొట్టి చూశాడు. వాసుదేవరావు నుదుటి నుంచి కారుతున్న రక్తం చూశాడు. రేపు ట్రక్కులు వస్తున్నాయన్నాడు, ఈ సందులో ఇళ్ళలో సామానంతా ఎత్తుకురమ్మని ఆర్డరు. ఆ చివరి ఇంట్లో ఏముంది?

వాసుదేవరావు నుదుటి మీది రక్తం తుడుచుకున్నాడు.

సైనికుడు బండి కిటికీ దగ్గరికి వంగాడు. గొంతు తగ్గించాడు. "అకూ జిన్న్?"

వాసుదేవరావు అతని కళ్ళలోకి చూశాడు.

"అకూ," అన్నాడు. ఉంది. "కళ్ళారా చూశాను. నా కూతురి మీద ఒట్టు."

సరిగ్గా అప్పుడే ఇంటి వైపు నుంచి కేక లేచింది. సైనికుడు దేవుణ్ణి తలుచుకుంటూ రెండడుగులు వెనక్కి వేశాడు. పొమ్మని చెయ్యి ఊపాడు. చివరి ఇంటికి ఎవర్నీ పోనివ్వనని తనే గొణుక్కున్నాడు.

బండి పెద్ద రోడ్డెక్కింది. నాలుగు నెలలు నిజం చెప్పాడు, ఒక్కడూ వినలేదు. ఇవాళ అబద్ధం నోట్లోంచి పూర్తిగా బయటపడకముందే ఆ సైనికుడు నమ్మేశాడు. నవ్వాలో ఏడవాలో వాసుదేవరావుకి తెలియలేదు.

గురప్ప స్టీరింగు గట్టిగా పట్టుకుని నడుపుతున్నాడు. అతని వైపు తిరిగాడు.

"సార్... కూతురి మీద ఒట్టేసినారు గదా. నిజం జెప్పండి. పైన మీరు జూసింది గూబేనా?"