బోర్డు మీద పిట్‌బుల్

గంగన్న శవం మూడో నంబరు రొయ్యల చెరువు గట్టు మీద ఉంది. కుడి తొడ మీద పంటి గాట్లు. కింద మట్టి తడిసి నల్లబడింది. భార్య ధనమ్మ తల దగ్గర కూర్చుంది. ఏడవడం లేదు.

సీఐ జీవానందం గేటు దగ్గర ఆగాడు. గేటు వెడల్పంతా సిమెంటు తొట్టి కట్టారు. మేత ట్రాక్టరయినా అందులోంచే లోపలికి పోవాలి. తొట్టిలో ఊదారంగు నీళ్ళు.

"సార్, బూట్లు విప్పి కాళ్ళు తడిపి రండి," అన్నాడు సూపర్‌వైజర్ పెద్దిరాజు. "పక్క చెరువులకి వైట్ స్పాట్ వైరస్ తగిలింది. నిన్న సాయంత్రమే తొట్టిలో పర్మాంగనేట్ మందు కలిపాను. ఈ పంటకి ఇదే మొదలు."

"లోపల మనిషి చచ్చి పడున్నాడయ్యా."

"వైరస్‌కి తెలీదు కదండీ."

జీవానందం ప్యాంటు మడిచి తొట్టిలో దిగి నడిచాడు. చెరువుల చుట్టూ పీతలు రాకుండా వల. పైన పక్షులు వాలకుండా వల. గేటు తప్ప దారి లేదు.

"నువ్వెప్పుడొచ్చావు?"

"ఆరింటికండీ. రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్ ట్రేలు చూద్దామని వచ్చాను. అప్పటికే పోయాడు."

"ఏం చూశావు?"

"పిట్‌బుల్ సార్. గట్టు దిగి గేటు కింద నుంచి దూరి పోయింది. రోడ్డు మీద ఏరేటర్ మోటార్ల మెకానిక్ చాంద్ లేడూ, వాడిది."

"ఏ రంగు?"

"పిట్‌బుల్ రంగేనండీ."

"అంటే?"

పెద్దిరాజు కొంచెం ఆలోచించాడు. "గోధుమ రంగు. ఛాతీ మీద తెల్ల మచ్చ. చెవులు కత్తిరించి ఉన్నాయి."

జీవానందం శవం పక్కన కూర్చున్నాడు. గాయం పైన తొడకి తువ్వాలు బిగించి ఉంది. ముడి వెనక వైపు పడింది.

"ఇదెవరు కట్టారు?"

"వాడే కట్టుకుని ఉంటాడు సార్."

జీవానందం లేచి తన చెయ్యి తొడ వెనక్కి పెట్టి చూసుకున్నాడు. ఒక చేత్తో ముడి పడదు. రెండు చేతులూ వెనక్కి పోతే బిగువు రాదు. ఆ మాట పెద్దిరాజుతో అనలేదు.

*

చాంద్ షెడ్డు బంటుమిల్లి రోడ్డు పక్కన ఉంది. గేటుకి రేకు బోర్డు. 'పిట్‌బుల్ ఉంది. జాగ్రత్త.'

జీపు వెళ్ళేసరికి షెడ్డు ముందు జనం చేరారు. చాలామంది చేతుల్లో కర్రలున్నాయి. లోపల ఇనప మంచం కోడుకి కుక్కని కట్టేసి, దానికి అడ్డంగా చాంద్ కూర్చున్నాడు. పశువుల డాక్టరు వర్షిణి గుమ్మంలో నిలబడింది.

"ఇంజెక్షన్ చెయ్యమంటున్నారండీ," అంది. "చెయ్యనన్నాను."

"ఆవిడ చెయ్యకపోతే మేం చేస్తాం," అని వెనక నుంచి ఎవరో అరిచారు. "సాయంత్రం దాకా చూస్తాం. తర్వాత ఆ కుక్కా ఉండదు, ఆ షెడ్డూ ఉండదు."

జీవానందం గుమ్మం దాటి లోపలికి వెళ్ళాడు. పిట్‌బుల్ అనే మాట వినగానే కేసు తేలిపోయిందని దారిలో అతనూ అనుకున్నాడు. ఇప్పుడా ముడి అతన్ని వదలడం లేదు.

"బోర్డు నువ్వే రాయించావా?"

"నేనే సార్. కానీ ఇది పిట్‌బుల్ కాదండీ."

"మరి?"

"కుక్క ఉంది జాగ్రత్త అని రాస్తే రెండు మోటార్లు ఎత్తుకుపోయారండీ. పిట్‌బుల్ అని రాసిందగ్గర్నుంచి ఒక్క నట్టు పోలేదు. దీని తల్లి ఉయ్యూరు బస్టాండులో ఉండేది."

"తండ్రి?"

"తండ్రిని ఎవరు చూశారండీ!"

బయట ఎవరో నవ్వారు. "పేరేమో టైసన్. పుట్టిందేమో బస్టాండ్! నిన్నటిదాకా మా పిట్‌బుల్, మా పిట్‌బుల్ అని ఊరంతా చెప్పుకున్నాడుగా."

"చెప్పుకున్నాను బాబాయ్," అన్నాడు చాంద్. "గొప్పకి చెప్పుకున్నాను. దాని ప్రాణం తీస్తారా?"

జీవానందం డాక్టరు వైపు తిరిగాడు. "ఇది పిట్‌బులేనా?"

"తెలీదండీ."

"మీకే తెలీకపోతే?"

"తల వెడల్పుగా ఉంది. ఛాతీ బలంగా ఉంది. మన వీధి కుక్కకి ఏ పెద్ద కుక్క కలిసినా ఇలాంటి పిల్ల పుట్టొచ్చు. కంటితో చూసి జాతి చెప్పేవాళ్ళు చాలాసార్లు తప్పుతారు. నేనూ తప్పాను. కొన్ని కుక్కలు నిషేధం అన్నవాళ్ళు జాతుల పేర్లు రాశారు. ఎదురుగా ఉన్న కుక్కకి ఆ పేరు తగులుతుందో లేదో తేల్చే సాధనం మా ఆస్పత్రిలో లేదు. డీఎన్ఏకి పంపితే వారాలు పడుతుంది."

"గాట్లు చూసి చెప్పలేరా?"

"ఎంత పెద్ద కుక్కో చెప్పొచ్చు, అదీ ఒక్కోసారి. జాతి చెప్పలేం."

జీవానందం కుక్కని చూశాడు. నల్ల చారలు. చెవులు వేలాడుతున్నాయి. నాలుగు పాదాలూ తెల్లగా ఉన్నాయి.

బయటికొచ్చాడు. రోడ్డుకి అవతల కరెంటు స్తంభానికి ఫ్లెక్స్ కట్టి ఉంది. 'ఈ జాతి కుక్కలు నిషేధం.' ఇంటర్నెట్‌లోంచి తీసిన ఫొటో. గోధుమ రంగు. ఛాతీ మీద తెల్ల మచ్చ. కత్తిరించిన చెవులు.

పెద్దిరాజు చెప్పింది ఈ ఫొటోని. మరి అతను కళ్ళతో చూసిందేమిటి? ఎవర్ని దాస్తున్నాడు?

షెడ్డు పక్కన కుళాయి కింద జీవానందం కాళ్ళు కడుక్కున్నాడు. బురద పోయింది. పాదాలు గోధుమ రంగులో ఉన్నాయి. సబ్బు పెట్టి రుద్దాడు. రంగు పోలేదు. ఇంకోసారి రుద్దాడు. రుద్దుతూ మధ్యలో ఆగాడు. తలెత్తి షెడ్డులోకి చూశాడు.

*

చెరువుల యజమాని గోవర్ధనరావు ఇల్లు గుడివాడలో. జీవానందం వరండాలో బూట్లు విప్పాడు.

"ఏంటి సీఐ గారూ, కాళ్ళకి గోరింటాకు పెట్టించుకున్నారా?" అన్నాడు గోవర్ధనరావు.

"డ్యూటీలో అన్నీ అంటుకుంటాయండీ."

కాఫీ వచ్చింది. గోవర్ధనరావు గంగన్న గురించి చెప్పాడు. నమ్మకస్తుడన్నాడు. దినాల ఖర్చు తనదే అన్నాడు.

"మీరు చెరువుల దగ్గరికి ఎప్పుడెళ్ళారు?"

"వారమైందండీ. నడుం నొప్పి. అన్నీ పెద్దిరాజు ఫోన్లో చెప్తాడు."

"మీకూ కుక్క ఉందటగా?"

"ఉంది. పేపర్లున్న లాబ్రడార్." గోవర్ధనరావు ఈల వేశాడు. "గోల్డీ! ఇలా రా."

లేత పసుపు కుక్క తోక ఊపుతూ వచ్చి జీవానందం మోకాలి మీద తల పెట్టింది.

"చూశారా? దొంగొస్తే వాడి చెయ్యి కూడా నాకుతుంది. జాతిని బట్టే బుద్ధండీ. ఆ చాంద్‌లాంటి వాళ్ళకి అసలు అలాంటి కుక్కలెందుకు?"

"దీన్ని చెరువుల దగ్గరికి తీసుకెళ్తారా?"

"భలేవారే! కుక్క అడుగుపెడితే వైరస్సు. ఆ రూలు పెట్టిందే నేను. ఇది ఈ కాంపౌండు దాటి వారమైంది."

జీవానందం కుక్క తల నిమిరాడు. కాళ్ళు మడమల దాకా గోధుమ రంగులో ఉన్నాయి.

"కాళ్ళకేమైందండీ?"

"తోటలో బురద."

"సాయంత్రం నాలుగింటికి చాంద్ షెడ్డు దగ్గరికి రాగలరా? గోల్డీని కూడా తీసుకురండి."

గోవర్ధనరావు కప్పు కింద పెట్టాడు. "అదెందుకు?"

"రెండింటినీ పక్కపక్కన నిలబెడితే మంచి జాతేదో, చెడ్డ జాతేదో జనానికి తెలుస్తుంది కదండీ."

గోవర్ధనరావు కాసేపు అతని మొహం చూశాడు. తర్వాత నవ్వాడు. "అలాగే. తప్పకుండా వస్తాను."

*

నాలుగింటికి షెడ్డు ముందు రోడ్డు నిండిపోయింది. గోవర్ధనరావు కారు దిగాడు. జనం దారిచ్చారు. పెద్దిరాజు గోడ పక్కన నిలబడ్డాడు. ధనమ్మ పోస్టుమార్టం దగ్గర్నుంచి ఆటోలో వచ్చి రోడ్డు పక్కన కూర్చుంది.

జీవానందం రెండు బేసిన్లలో నీళ్ళు పెట్టించాడు.

"పెద్దిరాజూ, కుక్క ఎటు పోయిందన్నావు?"

"గేటు కింద నుంచండీ."

"తొట్టిలోంచేగా?"

"ఇంకో దారి లేదు కదండీ."

"డాక్టరు గారూ, టైసన్ పాదాలు కడగండి."

వర్షిణి సబ్బుతో కడిగింది. నీళ్ళు మట్టి రంగుకి తిరిగాయి. పాదాలు తెల్లగా తేలాయి.

"ఇప్పుడు గోల్డీవి."

"దాన్నెందుకు కడగడం?" గోవర్ధనరావు గొలుసు వెనక్కి లాగాడు.

"బురదేగా అండీ. పోతుంది."

వర్షిణి గొలుసు అందుకుని కడిగింది. నీళ్ళలోకి కొంచెం మట్టి దిగింది. కాళ్ళు అదే రంగులో ఉండిపోయాయి. మళ్ళీ రుద్దింది. పోలేదు.

జీవానందం ఒక బూటూ, మేజోడూ తీసి ఆ కుక్క కాళ్ళ పక్కన తన పాదం పెట్టాడు. రెండూ ఒకే రంగు.

"నేను గంగన్న దగ్గరికి వెళ్ళడానికి తొట్టిలో దిగాను. ఆ ఊదా నీళ్ళు చర్మం మీద ఆరి గోధుమ రంగు మరకయ్యాయి. సబ్బుకి పోలేదు. ఈ పంటకి ఆ మందు మొదటిసారి పోసింది నిన్న సాయంత్రం. వారం రోజులుగా గుడివాడ కాంపౌండు దాటని కుక్క కాళ్ళకి ఇదెలా అంటింది గోవర్ధనరావు గారూ?"

గోవర్ధనరావు తన కారు వైపు చూశాడు.

"మందు పోసినట్టు మీకు తెలీదు. మీరు కారులో తొట్టి దాటారు. తడిసింది కారు టైర్లు. కుక్క గేటు దగ్గర దిగి వెనకాల పరిగెత్తుకొచ్చింది. పొద్దున్నుంచీ నేనూ, ఊరూ, అందరం పిట్‌బుల్ అవునా కాదా అని తగువులాడుకుంటున్నాం. కాళ్ళు చూద్దామని ఎవరికీ తోచలేదు."

"లాబ్రడార్ కరవడమేంటండీ!" అన్నాడు గోవర్ధనరావు.

"పళ్ళున్న కుక్క ఏదైనా కరుస్తుందండీ," అంది వర్షిణి.

జీవానందం గోడ వైపు తిరిగాడు. "పెద్దిరాజూ, తువ్వాలు ముడి వెనక వైపు ఉంది. గంగన్న కట్టుకోలేడు. నువ్వే కట్టావు. అంటే నువ్వు వెళ్ళేసరికి అతను బతికే ఉన్నాడు."

పెద్దిరాజు ధనమ్మ వైపు చూశాడు. చూడలేక తల దించుకున్నాడు.

"అయ్యగారు చీకటితోనే వచ్చారండీ. గోల్డీ గట్టెక్కింది. కుక్క చెరువు మీదికి రాకూడదని గంగన్న కర్రతో అదిలించాడు. అది తొడ పట్టేసింది. నేను తువ్వాలు కట్టాను. కారులో పడుకోబెడదాం, ఆస్పత్రి దగ్గరేగా అన్నాను. సీట్లు పాడవుతాయి, నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి అన్నారు. అదీ తను ఊరు దాటాకే చెయ్యమన్నారు. అడిగితే పిట్‌బుల్ అని చెప్పమన్నారు. ఎవరైనా నమ్ముతారన్నారు." తల ఎత్తకుండానే అన్నాడు. "నేను ఫోన్ చేసేసరికి పోయాడండీ."

"గోల్డీని ఎందులో తీసుకెళ్ళారు?"

"కారులోనేనండీ. వెనక సీట్లో."



"మీ కుక్క కరిచిందని చెప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటే అది ప్రమాదం అయ్యేది," అన్నాడు జీవానందం. "మనిషిని గట్టు మీద వదిలేసి వెళ్ళారు. పదండి."

కానిస్టేబుల్ గోవర్ధనరావుని జీపు వెనక ఎక్కించాడు. ఇంకొకరు పెద్దిరాజుని ముందు సీటు వైపు నడిపించారు. వర్షిణి గోల్డీ గొలుసు పట్టుకుని తన వ్యాను వైపు తీసుకెళ్ళింది. అది ఆవిడ చెయ్యి నాకుతోంది. చాంద్ టైసన్ మెడ చుట్టూ చేతులేసి అక్కడే కూర్చున్నాడు. ఇంకా లేవలేదు.

జనం కూడా కదల్లేదు. కర్రలు చేతుల్లోనే ఉన్నాయి.

"అయినా పిట్‌బుల్ పిట్‌బుల్లేగా," అన్నాడొకడు. "ఇవాళ కాకపోతే రేపు. పనిలో పనిగా దీన్ని కూడా..."

ధనమ్మ లేచింది. నడిచి వెళ్ళి చాంద్‌కీ జనానికీ మధ్య నిలబడింది.

"మా ఆయన కోసమేగా కర్రలు తెచ్చారు?"

"నీ కోసమే పిన్నీ."

"అయితే ఇక్కడున్నారేం? ఆయన్ని చంపినాయన జీపులో ఉన్నాడు. అటెళ్ళండి."

ఒకరిద్దరు జీపు వైపు నడిచారు. జీవానందం లాఠీ తీసుకుని అడ్డం వెళ్ళబోయాడు. అవసరం లేకపోయింది.

వాళ్ళు జీపు దగ్గర ఆగారు. కర్రలు చంకలో పెట్టుకుని, గోవర్ధనరావుకి నమస్కారం పెట్టారు.