కాప్రా కచేరీలో మూడో పిలుపు

కాప్రా చెరువుకు ఇవతల, సీతాఫలం పొదల మధ్య, ఒక పాత కచేరీ ఉండేది. పొద్దు గూకాక ఆ దారిన మనిషన్నవాడు నడిచేవాడు కాదు. మనిషి సంగతి సరే — తీతువు పిట్ట కూడా ఆ కప్పు మీదుగా పోవాల్సి వస్తే అరుపు మింగేసి, నోరు మూసుకుని దాటిపోయేదట!

ఎందుకంటే... అక్కడ పిలుపు వినబడేది.

నిజాం సొంత భూముల తగాదాలు తీర్చే కచేరీ అది. అందులో వీరయ్య అని ఒక చప్రాసీ. వరండాలో నిలబడి వాదినీ ప్రతివాదినీ పిలవడం అతని కొలువు. గొంతంటే గొంతా అది! వీరయ్య కాప్రాలో పిలిస్తే, అక్కడ లాలాగూడ రైలు వర్క్‌షాపులో కూలీలు పని ముగిసే గంట మోగిందనుకుని చేతులు కడిగేసుకునేవారు. కచేరీ మూసేముందు అతనికొక అలవాటు. "ఇంకా ఎవలన్న మిగిలిన్రా?" అని మూడుసార్లు పిలిచేవాడు. ఇంకా మొర చెప్పుకోనివాళ్లు ఎవరన్నా ఉంటే, మొదటి రెండు పిలుపులకూ బయటి నుంచే "ఉన్న" అనాలి. మూడో పిలుపుకు లోపలికి రావాలి. అందరూ అయిపోయాకే "కచేరీ బర్ఖాస్త్!" అని తలుపు మూసేవాడు.

పోలీస్ యాక్షన్ జరిగిన ఆ సెప్టెంబరులో, ఇండియా సైన్యం వస్తున్నదని తెలిసి, అఫ్సర్లూ గుమాస్తాలూ ఎటువాళ్లు అటు వెళ్లిపోయారు. వీరయ్య ఒక్కడే మిగిలాడు. సాయంత్రం వేళకు వరండాలోకి వచ్చాడు. ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి నోరు తెరిచి... అట్లాగే గుండె పట్టుకుని మెట్ల మీద ఒరిగిపోయాడు.

ఆ తర్వాత రాజ్యం మారింది, కచేరీ ఎత్తేశారు, తాళం పడింది. పిలుపు మాత్రం ఆగలేదు.

చీకటి పడే వేళకు ఒకసారి... "ఇంకా ఎవలన్న మిగిలిన్రా?" కాసేపాగి, ఇంకోసారి. ప్రతిసారీ చీకట్లోంచి సన్నగా, నూతిలోంచి వచ్చినట్టు, "ఉన్న..." అని జవాబు. మూడో పిలుపు మాత్రం ఎవరూ వినలేదు. ఒకసారి అల్వాల్ పాలమనిషి ఆ జవాబు విని పరుగందుకుంటే, మెట్టుగూడ చేరేసరికి బిందెలో పాలు పోయి వెన్న తేలిందని అక్కడివాళ్లు ఒట్టేసి చెబుతారు!

అదిగో, అలాంటి కచేరీకి, ఆడపిల్లల క్లాసునొకదాన్ని వెంటబెట్టుకుని బయల్దేరింది దేవకృప టీచరు.

ఆవిడ బందరు మనిషి. సికింద్రాబాదు మిషన్ బళ్లో సివిక్స్ చెప్పడానికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు, ఉద్యోగం ఖాయం కాలేదు. ధైర్యం మాత్రం పుట్టుకతోనే ఖాయమైంది. చిన్నప్పుడు బందరులో తుఫాను వస్తుంటే గొడుగు వేసుకుని ఎదురెళ్లిందట. గొడుగు తిరగబడలేదు, తుఫానే తిరిగి వెళ్లిపోయిందట!

"సర్కారంటే పుస్తకంలో బొమ్మ కాదమ్మా," అనేది పిల్లలతో. "దాని గుమ్మం తొక్కాలి. దాని బల్ల మీద చెయ్యి పెట్టాలి. అప్పుడు అది మనదని తెలుస్తుంది."

అలా పోస్టాఫీసు చూపించింది, ఖజానా చూపించింది, మునిసిపాలిటీ వాళ్ల కుర్చీల్లో పిల్లల్ని కూర్చోబెట్టింది. ఇక పాత కచేరీ. రాజుగారి రోజుల్లో మొర పెట్టుకున్న చోటనే పిల్లల చేత ఒక ఉత్తుత్తి విచారణ నడిపించాలని ఆవిడ పట్టుదల. తిరిగి తిరిగి తాళంచెవి సంపాదించింది.

కానీ ఆ రోజులు ఎలాంటివి! ఎవరిని చూసినా ఎవరికో ఒకరికి అనుమానం. పేపరు చదివితే అనుమానం, చదవకపోతే ఇంకా అనుమానం. హెడ్‌మిస్ట్రెస్ మేబెల్ అమ్మగారు దేవకృపను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"మిస్ దేవకృపా... మొన్న సీఐడీ మనిషొకడు గేటు దగ్గర నిలబడి వెళ్లాడు. ఆడపిల్లల్ని ఊరవతలికి ఎందుకు తీసుకెళ్తున్నారని అడిగాడు. తల్లులు అడుగుతున్నారు. నేనూ అడుగుతున్నాను."

"సివిక్స్ కోసం, మేడమ్."

"నాకు ఆ దెయ్యం సంగతి తెలుసు. ఒక్క పిల్లయినా జడుసుకుని వచ్చిందా — ఈ ప్రయాణాలకు అదే ఆఖరు. మీరు కూడా బందరు రైలెక్కేయొచ్చు."

దేవకృప సరేనంది. ఆవిడ లెక్కలో దెయ్యాలు లేవు. దెయ్యాల్ని పెంచేవాళ్లున్నారు. అవి రేషను రోజులు. దొంగబియ్యం దాచుకోవడానికి, జనం తొంగిచూడని పాడుబడ్డ కచేరీని మించిన చోటేముంది? ఆ దెయ్యం కథ అందరికంటే ఎక్కువగా, అందరికంటే భయంగా చెబుతున్నది ఎవరు? బళ్లో బస్సు నడిపే పర్వతాలు!

అందుకే ఆ రోజు ఆవిడ ఒక కన్ను పిల్లల మీద, రెండో కన్ను పర్వతాలు మీద పెట్టింది.

బస్సు యుద్ధకాలంలో మిలిటరీ వాళ్లు వాడి పారేసింది. కార్ఖానా బస్తీ దాటగానే కక్కింది, దగ్గింది, ఆగింది. పర్వతాలు మూత తీసి, దాని లోపలికి నడుము దాకా దూరి, పొద్దు వాలేదాకా బయటికి రాలేదు. ఇది కావాలని చేసిన ఆలస్యం కాదు కదా... అని దేవకృప పళ్లు బిగించింది. కచేరీ ముందు దిగేసరికి సూర్యుడు చెరువులో సగం మునిగాడు.

"టీచరమ్మా, జెర యినున్రి," గొంతు తగ్గించాడు పర్వతాలు. "గిట్లనే మళ్లిపోదం. ఇంజను సుత వద్దంటున్నది."

"ఇంజను అంటోందా, నువ్వంటున్నావా?"

వరండా నిండా ఎండుటాకులు. కానీ... ఒక మూల మాత్రం శుభ్రంగా ఊడ్చి ఉంది. గోడ గూట్లో చిన్న గుడ్డమూట. విప్పి చూసింది. జొన్నరొట్టె. ఇంకా మెత్తగానే ఉంది.

"పర్వతాలూ, దెయ్యాలు జొన్నరొట్టెలు తింటాయా?"

"నాకేం ఎరుక టీచరమ్మా!"

"బస్తాలెక్కడ దాచావు?"

"ఏం బస్తాలు? మా అవ్వ తోడు, నేను గీ మెట్టు మీద కాలు పెట్టుడే ఇది మొదలు!"

తాళం తీసి, హాలంతా గాలించింది. గబ్బిలాలు, దుమ్ము, అఫ్సరు కూర్చునే ఎత్తు గద్దె, కాలు విరిగిన కుర్చీ. గింజ బియ్యం లేదు.

హరికేన్ లాంతర్లు వెలిగించి విచారణ షురూ చేశారు. బడి తోటలో చిక్కుడు పాదు మేసిన మేక మీద కేసు. ఒక పిల్ల గద్దెనెక్కి అఫ్సరైంది, ఒకతె మేకకు వకీలైంది. చప్రాసీ వేషం ఆలిస్‌ది. మెట్టుగూడ రైల్వే ఫిట్టరు కూతురు, ఇంజను కూతకు ఎదురు కూత పెట్టగల పిల్ల. ఆ సాయంత్రం పిలిచిన పేరు మళ్లీ మళ్లీ పిలిచి, సంబరంలో గొంతు బొంగురు చేసుకుంది. మేకకు మందలింపు పడింది. అందరూ చప్పట్లు.

అప్పటికి బయట చీకటి.

"మిస్... వీరయ్య పిలుపు పిలవాలా? కచేరీ మూసేది?" అడిగింది ఆలిస్.

"వద్దు బిడ్డా!" స్తంభాన్ని పట్టుకున్నాడు పర్వతాలు. "ఆ ఒక్కటి వద్దు!"

పిల్లలంతా టీచరు మొహంలోకి చూశారు. ఇప్పుడు వద్దంటే భయం ఎక్కడుందో వాళ్లకు తానే చూపించినట్టవుతుంది. ఆ భయం రేపు మేబెల్ అమ్మగారి గదిదాకా నడుస్తుంది.

"పిలువు ఆలిస్."

ఆలిస్ వరండా అంచున నిలబడింది.

"ఇంకా ఎవలన్న మిగిలిన్రా?"

గాలి ఆగింది. కీచురాళ్లు ఆగాయి. చెరువు కప్పలు కూడా అరుపు సగంలో ఆపేశాయట.

"ఉన్న..."

సన్నగా. కచేరీ వెనకవైపు నుంచి.

దేవకృప చటుక్కున పర్వతాలు వైపు తిరిగింది. వాడు ఎదురుగానే ఉన్నాడు. పెదవులు అంటుకుపోయి ఉన్నాయి. కళ్లు మాత్రం కొబ్బరికాయలంత! ఇన్నాళ్లు పెంచుకున్న అనుమానం అక్కడికక్కడే కూలిపోయింది. మరి... ఎవరు?

"ఇంకోసారి," అంది.

ఆలిస్ పిలిచింది.

"ఉన్న..."

ఈసారి దగ్గరగా.

ఒక పిల్ల ఇంకో పిల్ల జడను పట్టుకుంది. ఆలిస్ వెనక్కి తిరిగి, కళ్లతోనే అడిగింది — మూడోది?

దేవకృప అరచేతిలో తాళంచెవి తడిసిపోయింది. బస్సు పది అంగల్లో ఉంది. పరుగెత్తొచ్చు... కానీ ఎవరో పలికారు. రెండుసార్లు పలికారు.

"పిలువమ్మా," అంది మెల్లగా. "ఉన్నామన్నవాళ్ల మీద తలుపు మూసేస్తే ఇది కచేరీ ఎలా అవుతుంది?"

ఆలిస్ గుండెనిండా గాలి పీల్చింది. మూడో పిలుపు... సికింద్రాబాదు స్టేషనులో కదలబోతున్న రైలు ఆగి వెనక్కి చూసిందంటే అబద్ధం కాదు! చివరి మాట దగ్గర ఆ గొంతు పలక పగిలినట్టు పగిలింది.

ఎండుటాకులు చప్పుడయ్యాయి. ఒక అడుగు... ఇంకో అడుగు. గొళ్లెం ఊడిన వెనక తలుపు కిర్రుమంది. లాంతరు వెలుగులోకి మొదట కొడవలి వచ్చింది. తర్వాత ఒక గడ్డిమోపు. దాని కింద, వంగిపోయిన ఒక ముసలామె.

మోపు దించి, కొంగు సర్దుకుని, గద్దెకు దండం పెట్టింది.

"వచ్చిన దొరా..." తలెత్తి, కళ్లు చికిలించింది. "దొర ఏడి? గీ కుర్చీల పోరి కూసున్నదేంది?"

పిల్లలు గొల్లుమన్నారు. అంతసేపూ బిగబట్టిన ఊపిరంతా నవ్వై బయటపడింది.

ఆమె పేరు బాలమ్మ. కాప్రా మనిషే. పోలీస్ యాక్షన్‌కు ముందు ఆ గడబిడలో ఆమె కొడుకును నిజాం జవాన్లు పట్టుకుపోయారు. ఏ జైల్లో ఉన్నాడో చెప్పమని మొరపెట్టుకోను వచ్చింది. ఆ పొద్దు జనం ఎక్కువ. "కూసో. పిలుస్త. మూడో పిలుపు అయ్యేదాక లేవకు," అన్నాడట వీరయ్య. తెల్లారితే కచేరీయే లేదు. అయినా ప్రతి సాయంత్రం, గడ్డి కోసుకున్నాక, రొట్టె మూట గూట్లో పెట్టి, ఆ మూల ఊడ్చుకుని కూర్చునేది. ఇవాళ బస్సు చప్పుడుకు మాత్రం వెనక పొదల్లోకి తప్పుకుంది.

గద్దె మీది పిల్ల నవ్వు మానేసింది. కాలు విరిగిన కుర్చీలో నిటారుగా కూర్చుని, "నీ కొడుకు పేరేంది అవ్వా?" అని అడిగింది. ఆ తర్వాతి వారమే ఈ పిల్లలంతా బాలమ్మను వెంటబెట్టుకుని పెద్ద ఆఫీసుకు పోయి, అఫ్సరు బల్ల చుట్టూ నిలబడి, ఆయన టీ చల్లారిపోయినా కదలక, కొడుకు ఔరంగాబాదు జైల్లో బతికే ఉన్నాడన్న కబురు రాబట్టడం నిజం. కానీ ఆ రాత్రి సంగతి ఇంకా అయిపోలేదు.

"అయితే ఇన్నాళ్లూ పొద్దుగూకాక ఇక్కడ పిలుస్తున్నది నువ్వేనన్నమాట," అంది దేవకృప, దెయ్యాన్ని పట్టుకున్న గర్వంతో.

బాలమ్మ వింతగా చూసింది.

"నేనెందుకు పిలుస్త బిడ్డా? పలుకుడే నా పని. పిలిచేది వీరయ్య. రెండుసార్లు పిలుస్తడు... ఊకుంటడు. పానం మంచిగ లేదేమో. ఇయ్యాల మూడోది సుత వినొచ్చింది. గందుకే లోపలికొచ్చిన."

ముసలితనం, ఒంటరితనం, చెవుల్లో హోరు... అని సర్దుకుంది దేవకృప. సర్దుకోక ఏం చేస్తుంది!

బాలమ్మను, గడ్డిమోపుతో సహా, బస్సెక్కించారు. ముందు ఊళ్లో ఇంటి దగ్గర దింపాలి. పిల్లలంతా ఎక్కారు. దేవకృప తాళం వేసి మెట్లు దిగింది. చివరి మెట్టు మీద ఉండగా —

"కచేరీ... బర్ఖాస్త్!"

బస్సు అద్దాలు గలగలలాడాయి. చీకట్లో పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఆలిస్! ఆలిస్!" అని కేకలు. కిటికీలోంచి బాలమ్మ కచేరీ వైపు చెయ్యి ఎత్తి, నుదుటికి ఆనించుకుంది. పర్వతాలు తాకగానే ఇంజను మొదటి తిప్పుడుకే అందుకుంది. యుద్ధం తర్వాత అదే మొదటిసారి!

బడి గేటు దగ్గర మేబెల్ అమ్మగారు లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. దిగిన ప్రతి పిల్ల మొహానికీ లాంతరు ఎత్తింది.

"ఎవరన్నా జడుసుకున్నారా?"

"నో, మేడమ్!" అంతా ఒక్క గొంతు. ఆలిస్ ఒక్కతే నోరు మెదపలేదు.

లాంతరు ఆలిస్ దగ్గర ఆగింది. "నువ్వెందుకు పలకవు?"

"గొంతు అలిసిపోయింది మేడమ్," ముందుకొచ్చింది దేవకృప. ఆలిస్ భుజం మీద చెయ్యి వేసింది. "చప్రాసీ వేషం వేసింది. ఆ ఆఖరి 'బర్ఖాస్త్' మీరు విని ఉండాల్సింది. బస్సు అదిరిపోయిందనుకోండి!"

ఆలిస్ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మునివేళ్ల మీద లేచి, చెవి దగ్గర నోరు పెట్టింది. గొంతు లేదు. ఊపిరి మాత్రమే వచ్చింది.

"మిస్... మూడో పిలుపుకే నా గొంతు పోయింది... అప్పటి నుంచి మాటే రావట్లేదు... బర్ఖాస్త్ అన్నది నేను కాదు మిస్..."

"ఏమంటోంది?" మేబెల్ అమ్మగారి లాంతరు ఇంకొంచెం పైకి లేచింది. వెలుగు ఆలిస్ మొహం మీంచి జరిగి, దేవకృప మొహం మీదికి వచ్చింది.

దేవకృప నవ్వింది. తుఫానును వెనక్కి పంపిన మనిషి కదా! పిడికిట్లో తాళంచెవిని మాత్రం ఇంకా గట్టిగా బిగించింది.

"వచ్చే వారం ఎక్కడికి వెళ్దామని అడుగుతోంది, మేడమ్."