ఎవరూ నడపని టైర్లు

పొద్దున్న ఏడింటికల్లా ఇంటి ముందు మంచు ఎత్తనిదే గెబ్‌హార్ట్‌కి కాఫీ దిగదు. ఆ రోజు కూడా పారతో బాట తవ్వుతూ, పక్కింటి ఎర్నాతో కంచె మీదుగా మాట్లాడుతున్నాడు. గొంతు తగ్గించడమనేది ఆయనకు పుట్టుకతోనే లేదు.

"టైర్లనేం అంటారండీ? ఒక్క చలికాలం కూడా నడవని టైర్లవి! స్పోర్ట్స్ కారంటే ఊరికే తొక్కేయడం కాదు, చేతిలో పనితనం ఉండాలి. మా అమ్మాయికి లేదు. ఇచ్చినందుకు నన్ను నేను తిట్టుకోవాలి!"

గాలి ఆడాలని తెరిచిన వంటగది కిటికీలోంచి ప్రతి మాటా లోపలికి వచ్చింది. ఎడమ మణికట్టుకు పిండికట్టుతో కూర్చున్న రోన్యా తల దించుకుంది. తల్లి లూయిట్‌గార్ట్ కిటికీ రెక్కను ధడాలున మూసింది.

"వినకు తల్లీ. ఆయన నోరు అంతే."

"నిజమేగా అమ్మా. ఆ రోజు గంటకు నలభైలోనే వస్తున్నాను. బ్రేకు తొక్కితే కారు తిన్నగా పోయి రోడ్డు పక్క ఇనుప కమ్మీకి కొట్టుకుంది. నాకు నడపడం రాదేమో."

రోన్యా మంత్రసాని. కొండ మీది పదకొండు పల్లెల్లో నొప్పులు మొదలైతే ముందు మోగేది ఆమె ఫోనే. ఆ పని కోసమే తండ్రి తన వెండి రంగు కారును మొన్న అక్టోబరులో ఆమెకిచ్చాడు. ఆయన దాన్ని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మాత్రమే నడిపేవాడు. పన్ను తగ్గుతుందని నంబరు పలక కూడా ఆ నెలలకే తీసుకునేవాడు. మంచు పడితే కారుకు దుప్పటి కప్పేయడమే. కారుతోపాటు కొన్న చలికాలపు చక్రాలు నేలమాళిగలో అలాగే ఉండిపోయాయి. "పాతవి కదా నాన్నా, కొత్తవి వేయించుకుంటా" అని రోన్యా అంటే, జేబులోంచి ఒక యూరో నాణెం తీసి టైరు గాడిలో గుచ్చి చూపించాడు. "చూడు, ఎంత లోతుందో! నలభై ఏళ్లు టైర్లు బిగించినవాడికి నువ్వు చెబుతావా?" అన్నాడు. ఆ తర్వాత ఎవరు నోరెత్తుతారు?

రోన్యా బల్ల మీద ఒక కవరు పెట్టింది.

"పని మానేస్తానని రాశానమ్మా. కొండ మీద ఇద్దరి ప్రాణాలు నా కోసం ఎదురు చూస్తుంటాయి. నా మీద నాకే నమ్మకం లేనప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

లూయిట్‌గార్ట్ ఆ కవరు వంక చూసి ఏడ్చేసింది. ఆరేళ్లు చదివి, ఏరి కోరి తెచ్చుకున్న పని అది.

తొమ్మిదింటికి వర్క్‌షాపు నుంచి వింట్సెంజ్ వచ్చాడు. అప్పటికి గెబ్‌హార్ట్ కూడా లోపలికి వచ్చి, నిలబడే కాఫీ తాగుతున్నాడు. ఒకప్పుడు గెబ్‌హార్ట్ దగ్గరే పని నేర్చుకున్నవాడు. విప్పిన చక్రాలు నాలుగూ వ్యానులోంచి దించి, ఒకదాన్ని దొర్లించుకుంటూ గుమ్మం దాకా తెచ్చాడు. రోన్యా చేతికట్టు చూసి అతని మొహం చిన్నబోయింది.

"కారులో లోపమేం లేదు రోన్యా. పాడైంది ఇదే. రా, గోరు గుచ్చి చూడు. దిగుతుందా? రబ్బరు చెక్కయిపోయింది. లోపలి వైపు తేదీ ఉంది, పన్నెండేళ్ల కిందటిది. గాడి ఎంత లోతుంటే ఏం లాభం, చలికి పట్టు దొరకదు. అక్టోబరులోనే చెప్పాను కదా గెబ్‌హార్ట్ గారూ."



"ఎవరికి చెప్పావు?" అంది లూయిట్‌గార్ట్.

"ఈయనకే. ఫోన్లో. అమ్మాయికి చెప్పొద్దు, బిగించేయ్ అన్నారు. నేనూ గురువుగారు కదా అని బిగించాను. నా బుద్ధి గడ్డి తింది."

"గెబ్‌హార్ట్! నాలుగు రోజులుగా తప్పు పిల్ల మీద వేసి వీధంతా చెబుతున్నావే! నీకు నోరెలా వచ్చింది?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నేను నేర్పిన కుర్రాడు నాకే చెబుతుంటే... తల కొట్టేసినట్టయింది. ఏమవుతుందిలే అనుకున్నాను."

"అక్టోబరులో ఒప్పుకోలేకపోయావు, సరే నాన్నా." అంది రోన్యా. "నేను ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు? తప్పు నాదేనని నీ ఎదుటే ఏడ్చినప్పుడు? నా తల నిమిరి 'ఏం చేస్తాం, అందరికీ రాదు' అన్నావు కదా!"

అరవై ఎనిమిదేళ్ల మనిషి చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "నీ దగ్గర తగ్గలేకపోయానే" అన్నాడు. ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చకూడదు కూడా.

రోన్యా కవరును రెండు ముక్కలు చేసింది. వింట్సెంజ్ వైపు తిరిగింది.

"నిటారు కొండ, పొద్దున్నే గడ్డకట్టిన రోడ్డు, ఇంజను వెనక చక్రాల్ని తిప్పే కారు. ఏవి మంచివి?"

గెబ్‌హార్ట్ అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. కూతురు ఆయన వైపు చూడనైనా లేదు. నోరు మూసుకున్నాడు. వింట్సెంజ్ ముందు, వెనక కొలతలు వేరని చెప్పి, ఈ ఏడాది తయారైన మెత్తటి రకం రెండ్రోజుల్లో తెప్పిస్తానని రాసుకుని వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక రోన్యా రొట్టెను తండ్రి ముందుకు తోసింది.

"ఒంటిచేత్తో కోయలేను. కోసి పెట్టు."

ఆయన ఆశగా తలెత్తాడు.

"క్షమించాననుకోకు నాన్నా. ఆకలేస్తోంది, అంతే."

ఆయన కళ్లు తుడుచుకుని, కత్తి అందుకుని, ఆమెకు ఇష్టమైనంత సన్నగా కోయడం మొదలుపెట్టాడు.