సమాధుల తోటలో డేనియల్‌కి పాస్‌పోర్ట్

“జానకిరామ్! చచ్చినా ఆ సమాధుల తోట వదలొద్దు.”

“చచ్చాక ఎలాగూ వదలను సార్,” అన్నాడు ఏజెంట్ జానకిరామ్.

చీఫ్ నవ్వలేదు. “విదేశీ ముఠా. పసితనంలో పోయిన పిల్లల పేర్లతో గూఢచారులకి పాస్‌పోర్టులు తీస్తోంది. పుట్టినట్టు ఆస్పత్రి రికార్డుంది. పోయినట్టు రాసి ఉన్నది చర్చి ఖననాల రిజిస్టర్లో మాత్రమే. ఆ పేజీ చింపేస్తే పిల్లాడు కాగితాల మీద బతికేస్తాడు. ఈసారి టార్గెట్ నరసాపురం. పేరు డేనియల్.”

కనడం ఆస్పత్రి లెక్క, ఖననం చర్చి లెక్క!

ఆ రోజు సమాధుల పండుగ. జనం గోరీలకి సున్నం వేసి, బంతిపూలు పేర్చి, కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. సున్నం మేస్త్రీ వేషంలో జానకిరామ్. బ్రష్ పిడిలో కెమెరా. ఎవరి సమాధి ఎక్కడో చెప్పడానికి పాస్టర్ రాజరత్నం గారు ఏటా ఈ రోజున రిజిస్టర్‌ని తోటలోకే తెస్తారు. అందరూ బంధువుల్లాగే ఉన్నారు. అందుకే అందరి మీదా అనుమానం.

నల్లకళ్లద్దాలు, పట్టుచీరతో ఒకామె వచ్చింది. వెనకాల కోటు మనిషి.

“నా పేరు క్రిస్టినా అండి. ఈయన మా అన్నయ్య. మా వంశవృక్షం రాసుకుంటున్నాం. రిజిస్టర్ ఓసారి చూడొచ్చాండీ?”

“ఎంతమాటమ్మా, చూడండి!” పాస్టర్ గారు మురిసిపోయారు.

వృక్షమన్నారు గానీ, వేళ్లు మాత్రం పసిపిల్లల పేజీల్లోనే పాకుతున్నాయి!

జానకిరామ్ పక్కకి చేరి, చీఫ్ చెప్పిన కోడ్ వదిలాడు. “సున్నం ఎక్కువైందండి.”

“ఇంకో ఆకు వేసుకోండి,” అంది క్రిస్టినా తొణక్కుండా.

మన మనిషే! ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్. కానీ నమ్మడమెలా? డబుల్ కదా, ఆ సంగతి వాళ్లకీ చెప్పి ఉండొచ్చు.

అంతలో కోటు మనిషి పేజీ చింపి నోట్లో కుక్కుకున్నాడు. జానకిరామ్ పీక పట్టుకునేలోపే మింగేశాడు.

“నేనే డేనియల్‌ని! పుట్టింది ఈ ఊళ్లోనే. చచ్చానని ప్రూఫ్ చూపించు!”

జానకిరామ్ పట్టు సడలింది.

పక్కనున్న బుల్లి సమాధి దగ్గర్నుంచి ఒక ముసలామె లేచింది. పేరు దీనమ్మ.

“ఏంటి బాబూ, నువ్వు మా డేనియల్‌వా? మరి ఏటేటా నేనిక్కడ కొవ్వొత్తి వెలిగించేది ఎవరికయ్యా? చెక్కించే తాహతు లేక రాయి మీద పేరు లేదు గానీ, తల్లిని నేనున్నానుగా! నా కొడుక్కి మిగిలింది ఆ పేరొక్కటే. దాంతో దొంగపనులు చేస్తావా?”

పండుగకి రిజిస్టర్ బయటికొస్తుందని లెక్కేసుకున్న ముఠాకి, తల్లులు కూడా వస్తారని తట్టలేదు.

కోటు మనిషి గేటు వైపు పరుగెత్తాడు. క్రిస్టినా కాలు అడ్డం పెట్టింది. వాడు సున్నం డ్రమ్ములో బోర్లా పడ్డాడు. జానకిరామ్ అనుమానం అప్పటికి తీరింది. బేడీలు పడ్డాయి.

“నీ అసలు పేరేంట్రా?”

వాడు నోట్లో సున్నం ఉమ్మేసి మొహం తిప్పుకున్నాడు.

“ఏ పేరైనా రాసుకోండి బాబూ,” అంది దీనమ్మ కళ్లు తుడుచుకుంటూ. “మా వాడిది మాత్రం వద్దు.”

ఫోన్ మోగింది. చీఫ్. “దొరికాడా? పేరేంటి?”

“బారసాల ఇంకా కాలేదు సార్!”