ఒక నక్షత్రం ఎక్కువ

ఉదయం తొమ్మిదిన్నరకు అబ్జర్వేటరీ ఆర్కైవ్ గుమాస్తా తన కుర్చీలోనే చచ్చిపోయాడు. మెడలో పిడిదాకా దిగింది పొడుగాటి కత్తెర. ఎదురుగా స్క్రీన్ మీద ఆకాశం ఫోటో తెరిచే ఉంది. దాని మీద రక్తం చింది, లేని నక్షత్రాలు నాలుగు కొత్తగా పుట్టాయి.

చంపినవాడు కత్తెర లాక్కుని వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఒకడు నిలబడి ఉన్నాడు. చేతిలో అట్టపెట్టె, పెట్టె నిండా పాత హార్డ్ డిస్కులు.

"పాత సరుకు కొంటాం సార్. మీ దగ్గరేమైనా ఉందా?"

డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు కాటా. మనిషి బరువు, ధైర్యం, అబద్ధం మూడూ ఒక్క చూపులో తూచేస్తాడని ఆ పేరు పెట్టారు. పైకి హార్డ్ డిస్కుల వ్యాపారి, లోపల పదకొండేళ్ళుగా గూఢచారి. గుమాస్తా రమ్మని కబురు పెడితే వచ్చాడు, అయిదు నిమిషాలు ఆలస్యంగా. ఎదుటివాణ్ణి తూచాడు. ఎనభై కిలోలు, కుడిచేతివాటం, ఎడమ మోకాలు అంత గట్టిది కాదు. బేరం గిట్టుబాటే.

కత్తెర మెరిసింది. కాటా పెట్టె అడ్డం పెట్టాడు. డిస్కుకు తగిలి కత్తెర మొన విరిగింది. అదే డిస్కుతో ఎడమ మోకాలి మీద కొట్టాడు. ఎముక పుటుక్కుమంది. వాడు పడుతూ పడుతూ కాటా మెడ చుట్టూ చేతులు వేసి, ఎడమ చెవి కొస కొరికేశాడు. ఇద్దరూ బల్ల మీదుగా దొర్లారు. రెండో దెబ్బ కణతకు తగిలింది. దాంతో పని అయిపోయింది గానీ, కాటా మూడోది కొసరుగా వేశాడు.

రుమాలు చెవికి నొక్కిపెట్టి చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"గుమాస్తా పోయాడు సార్."

"చంపినవాడు?"

"వాడూ పోయాడు."

"ఒక్కణ్ణైనా మాట్లాడే స్థితిలో ఉంచవయ్యా! సరే విను. విదేశీ ముఠా మన సెంట్రల్ స్టేషన్లో బాంబు పెట్టింది. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆకాశం ఫోటోలో దాచి తమవాళ్ళకు పంపారు. అబ్జర్వేటరీలు రోజూ వేల ఫోటోలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఎవడు అనుమానిస్తాడు? గుమాస్తా అనుమానించాడు, పోయాడు. ఆ ఫైలు స్క్రీన్ మీద ఉందా?"

"ఉంది."

"మీ బావకు పంపు. స్టేషన్లో ముత్యం కలుస్తుంది. ముఠాలో మనం నాటిన మనిషి, అంతకుముందు ఆ ఆర్కైవ్‌లోనే మూడేళ్ళు పనిచేసింది. కోడ్ మాట మర్చిపోకు."

కాటా చెల్లెలి మొగుడు ప్రోగ్రామర్. సరిగ్గా ఇలాంటి ఫైళ్ళు చదవడానికి, రాయడానికి ప్రోగ్రాములు కట్టడమే అతని ఉద్యోగం. ఆ ఫైలు మూట లాంటిది. పైన చీటీ, ఒక్కో లైనుకు కచ్చితంగా ఎనభై అక్షరాలు. దాని కింద బొమ్మ, ఒక్కో చుక్కకూ ఒక్కో అంకె. బొమ్మ వెనకాల పట్టిక. మామూలు సాఫ్ట్‌వేర్ బొమ్మ చూపించి ఊరుకుంటుంది. బావ ప్రోగ్రామ్ మూట మొత్తం విప్పుతుంది. విప్పే ప్రతి అడుగుకూ స్టేటస్ అడుగుతుంది. సున్నా వస్తే తప్పు లేదని అర్థం. ఇంట్లో గ్యాస్ కట్టేశాక కూడా "స్టేటస్ సున్నా" అని గొణుక్కుంటాడని చెల్లెలు నవ్వుతుంది.

పదకొండున్నరకు బావ ఫోన్.

"ఇవాళ్టి ఫోటోలోంచి నిన్నటిది తీసేశాను బావా. ఆకాశం ఖాళీ అయిపోయింది, ఒక్క నక్షత్రం తప్ప. అది దేవుడు పెట్టింది కాదు, ఎవడో రాసింది. అడ్డం రెండు వందల పన్నెండు, నిలువు ముప్ఫై ఒకటి. పట్టికలో టైమ్ ఉంది. మధ్యాహ్నం పన్నెండు నలభై."

"నిలువూ అడ్డం దేని మీద?"

"బొమ్మ అడ్డం మూడు వందల గళ్ళు, నిలువు మూడు వందలు. చీటీలో ‘స్టేషన్ ప్లాన్, ఉత్తరం పైన’ అని ఉంది. ప్లాన్ ఎవరి దగ్గరుందో నాకు తెలీదు."

ప్లాన్ ముత్యం దగ్గరుంది.

పన్నెండూ అయిదుకు కాటా రైల్వే ఎలక్ట్రీషియన్ వేషంలో, చెవికి కట్టుతో స్టేషన్లో దిగాడు. తెల్ల సిల్కు బట్టల్లో, నల్ల కళ్ళద్దాలతో ఒకామె దగ్గరికొచ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు.

"ఆకాశం ఎలా ఉంది?" అన్నాడు.

"మబ్బు లేదు. ఒక నక్షత్రం ఎక్కువుంది."

ఆమె ప్లాన్ విప్పింది. ఎర్రగోరు పై అంచు నుంచి గళ్ళు లెక్కపెట్టుకుంటూ దిగింది. "ముప్ఫై, ముప్ఫై ఒకటి. ఉత్తరం హాలు."

"జనాన్ని బయటికి పంపేద్దాం."

"గేటు దగ్గర ముఠావాళ్ళున్నారు. జనం బయటికొస్తే అనుమానం వచ్చి ముందే పేల్చేస్తారు. దక్షిణం హాలుకు పంపు."

తూచి చూస్తే సబబుగానే ఉంది. ఆ స్టేషన్లో అనౌన్సర్ కాటా చెల్లెలు. ఆమె గాజుగది సరిగ్గా దక్షిణం హాలు పైన.

"చెల్లీ, ఉత్తరం హాల్లో ఉన్నవాళ్ళందర్నీ మీ వైపుకు పిలు. కారణం అడక్కు."

"జనం అడుగుతారుగా అన్నయ్యా!"

"నీళ్ళ పైపు పగిలిందను."

"పగిలేది పైపో నీ తలో, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాలి మరి," అంది. మరుక్షణం ఆమె గొంతు స్టేషనంతా మోగింది. నాలుగు వందల మంది సామాన్లతో, పిల్లలతో దక్షిణానికి నడిచారు.

కాటా బెంచీలు తిరగేశాడు. చెత్తడబ్బాలు, సీలింగు, స్విచ్‌బోర్డులు అన్నీ వెతికాడు. పన్నెండు ఇరవై తొమ్మిది. ఏమీ లేదు. చెమట తుడుచుకుంటూ తల తిప్పాడు.

ముత్యం స్తంభానికి ఆనుకుని లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది. చెయ్యి ఇసుమంత కూడా వణకడం లేదు.

బాంబు పక్కన నిలబడి పెదవులు దిద్దుకునే మనిషి రెండు రకాలు. చావంటే భయం లేనిది ఒకటి. అక్కడ బాంబు లేదని తెలిసినది ఇంకొకటి. మొదటి రకం కాటాకు ఇంతవరకు తగల్లేదు.

బావకు ఫోన్ కలిపాడు. "ఉత్తరం హాల్లో ఏమీ లేదు బావా."

"ఉత్తరం హాలేంటి? మూడు వందల్లో ముప్ఫై ఒకటంటే దక్షిణం! మా ఫైళ్ళలో బొమ్మ లెక్క కింది నుంచి మొదలవుతుంది. పైనుంచి లెక్కపెట్టింది ఎవరు? కొత్తవాళ్ళు చేసే తప్పది!"

కాటా ఫోన్ దించాడు. "ఆర్కైవ్‌లో మూడేళ్ళు పనిచేశావు. కింది నుంచని నీకు తెలీదా?"

"తెలుసు. నీకు తెలీదనీ తెలుసు," అంది ముత్యం.

లిప్‌స్టిక్ పేలింది. గుండు కాటా ఎడమ భుజంలో దూరింది. వెనక్కి పడుతూ నడుముకున్న కరెంటు వైరు లాగి ఆమె మణికట్టుకు చుట్టి గుంజాడు. ఆమె రెండో చేత్తో జుట్టులోంచి సన్నటి బాకు తీసి అతని తొడలో దించింది, తిప్పింది. కాటా అరుస్తూనే వైరు వదల్లేదు. ఆమెను మూసి ఉన్న టికెట్ కౌంటర్ వైపు విసురుగా తిప్పాడు. గాజు పలక భళ్ళున పగిలింది. చట్రంలో మిగిలిన ముక్క ఆమె గొంతులో దిగింది. తెల్ల సిల్కు నడుందాకా ఎర్రబడింది. కళ్ళద్దాలు మాత్రం చెక్కుచెదరలేదు.

పన్నెండు ముప్ఫై ఆరు. కాటా కుంటుతూ పరుగెత్తాడు. ఫోన్ భుజానికీ మంచి చెవికీ మధ్య ఇరుక్కుని ఉంది.

దక్షిణం హాలు కిటకిటలాడుతోంది. అతనే పిలిపించిన జనం. కింది నుంచి ముప్ఫై ఒకటో గడి, అడ్డం రెండు వందల పన్నెండు. అక్కడ నిలబడి ఉంది బరువు తూచే యంత్రం, ముల్లు తిరిగే పాతకాలపుది. వెనక పలక ఊడబీకుతూ పైకి చూశాడు. గాజుగదిలో చెల్లెలు.

"అందర్నీ బయటికి పంపి నువ్వూ దిగిపో!" అని గావుకేక పెట్టాడు.

మైకులోనే జవాబొచ్చింది. "దయచేసి అందరూ తూర్పు గేటు గుండా బయటికి నడవండి. తోసుకోవద్దు. ఎలక్ట్రీషియన్ గారూ, నేను దిగితే వీళ్ళకు దారి చెప్పేదెవరు? మీ పని మీరు చూసుకోండి."

రెండు నిమిషాల్లో నాలుగు వందల మంది ఒక గేటులోంచి పోరు. ఆ లెక్క కాటాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

లోపల గడియారం. ఒకదాని కింద ఒకటిగా నాలుగు తీగలు, అన్నీ నలుపే.

"బావా, పట్టికలో తీగల సంగతేమైనా ఉందా?"

"ఉంది! ప్లాన్ రద్దయితే ఆపడానికి రాసుకున్నారు. నాలుగు వరుసలు, ఒక్కో తీగకు ఒకటి. మూడో వరుసకు గుర్తు పెట్టారు."

జేబులోంచి తీసిన తీగల కత్తెర మూడో తీగ మీదికి వెళ్ళి ఆగింది. ఒకసారి మోసం చేసిన సరుకును కాటా రెండోసారి తూచకుండా కొనడు.

"మూడోదంటే ఒకటి నుంచా, సున్నా నుంచా?"

"పట్టికకు ఒకటి నుంచే బావా!"

"పైనుంచా, కింది నుంచా?"

"ఆగండి..." కీబోర్డు టకటక. గడియారంలో తొమ్మిది సెకన్లు. ఏడు. అయిదు. "చీటీలో ఉంది! మొదటి వరుస పై తీగ!"

కాటా పైనుంచి మూడో తీగ కత్తిరించాడు.

గడియారం ముల్లు రెండు సెకన్ల దగ్గర ఆగిపోయింది.

"స్టేటస్ ఏంటి బావా?" అటువైపు గొంతు పీలగా వచ్చింది.

"సున్నా."

ఫోన్లో బావ వెక్కివెక్కి ఏడ్చాడు. పైన గాజుగదిలో చెల్లెలు మైకు ఆపడం మర్చిపోయింది. ఆమె ముక్కు చీదిన చప్పుడు స్టేషనంతా విన్నది.

బాంబును స్క్వాడ్ ఎత్తుకెళ్ళాక చీఫ్ ఫోన్ చేశాడు. "ముత్యం మాట్లాడే స్థితిలో..."

"లేదు సార్."

చీఫ్ ఏదో తిట్టాడు. కాటా వినలేదు. నిలబడే ఓపిక లేక ఎదురుగా ఉన్న యంత్రం ఎక్కి దాని కడ్డీ పట్టుకున్నాడు. ముల్లు గిరగిరా తిరిగి డెబ్భై ఆరు దగ్గర నిలబడింది. పొద్దున ఇంట్లో చూసుకుంటే డెబ్భై రెండు. ఇంత రక్తం పోయి, చెవి కొస పోయి, నాలుగు కిలోలు పెరిగాడట.

"సార్, ఇంకో కేసు రాసుకోండి," అన్నాడు కాటా. "ఈ స్టేషన్లో తూకం మోసం జరుగుతోంది."