లోపలి గుడ్డ

పొద్దున్నే మిషను ముందు కూర్చున్న దర్జీకి కూతురు తన కాలేజీ చొక్కా తెచ్చి ఇచ్చింది.

"నడుం దగ్గర ఇంకొంచెం బిగించు నాన్నా."

"మళ్ళీనా?" అంటూనే ఆయన టేపు అందుకున్నాడు. తల్లిలేని పిల్ల. అడిగింది కాదనడం ఆయనకు చేతకాదు.

పాలగ్లాసుతో వచ్చిన ఆయన అక్క నవ్వింది. "ఒరేయ్, నీ కూతురు గాలి భోంచేస్తోంది. ఎగిరిపోతుందేమోనని ఫ్యాను వేయాలంటేనే భయంగా ఉంది నాకు!"

"ఇందాకే తాగాను అత్తా," అంటూ పిల్ల స్నానానికి వెళ్ళిపోయింది.

కుట్టు పూర్తవుతుండగా, ఆమె బల్ల మీద మరిచిపోయిన ఫోను అదేపనిగా వణికింది. జరుపుదామని తీస్తే తెరమీద అదే చొక్కా ఫొటో, దానిమీద ఇందాక టేపు పెట్టిన తన చెయ్యి. 'మూడోసారి బిగిస్తున్నాడు మా నాన్న' అని రాసి ఉంది. కింద వరసగా జవాబులు.

'శభాష్ చెల్లీ!'

'ఆకలికి లొంగకు.'

'మీ నాన్నగారి కుట్టు ఎంత నీటుగా ఉందో!'

పని మెచ్చుకుంటే పొంగిపోయే మనిషి. ఈసారి మిషను ఆపేశాడు.

పిల్ల తల తుడుచుకుంటూ వచ్చింది. ఆయన ఫోను చూపించాడు.

"వీళ్ళెవరమ్మా?"

"నా ఫోను ఎందుకు తీశావు?"

"తిండి మానమనేవాళ్ళు ఏం స్నేహితులు? ఒక్కరి మొహమైనా చూశావా?"

"నువ్వు నా మొహం చూశావా నాన్నా? మూడుసార్లు టేపు పెట్టావు. ఎందుకని ఒక్కసారైనా అడిగావా? వాళ్ళు రోజూ అడుగుతారు."

ఆయన బ్లేడు తీసి, అప్పుడే వేసిన కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఆ కిందవీ, ఆ కిందవీ.

రాలిన దారాలు చూస్తూ పిల్ల గొంతు తగ్గించి అంది.

"ఆ గ్రూపులో ఒక అక్క ఉండేది. నాకు అన్నీ నేర్పింది. ఆసుపత్రిలో చచ్చిపోయిందట. అందరూ దండం బొమ్మలు పెట్టి, మళ్ళీ మొదలెట్టారు... నాన్నా, నాకు భయంగా ఉంది."

పాలు మళ్ళీ వెచ్చబెట్టి తెచ్చిన అత్త గ్లాసు కింద పెట్టి ఆమెను పొదివి పట్టుకుంది. చేతికి ఎముకలే తగిలాయి. ఇక ఏ హాస్యమూ ఆడలేదు.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం, ఇప్పుడే," అన్నాడు తండ్రి. "అడగకపోవడం నా తప్పేనమ్మా."

"చొక్కా పాడైపోయిందా?"

"లేదు. ఎంత బిగించినా కుట్టు వెనక మిగిలే లోపలి గుడ్డ కోయను. మనిషి మళ్ళీ ఒళ్ళు చేస్తాడన్న నమ్మకంతోనే వదిలిపెడతాం."

వదులైన చొక్కా తొడుక్కుంది. పక్కలవెంట మూడు వరసల సూది గుర్తులు.

"ఇవి ఉతికితే పోతాయా?"

"కొన్నాళ్ళు పడుతుంది తల్లీ," అని ఆయన చెయ్యి అందించాడు.